ఎండ ఫుల్.. నీళ్లు నిల్! పశ్చిమ ప్రకాశం రైతుకు సోలార్‌తో నిజంగా డబ్బులొస్తాయా? అసలు లెక్క ఇదీ!

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి.. ఈ పేర్లు వింటే ముందు గుర్తొచ్చేది కరవు. ఆ తర్వాత గుర్తొచ్చేది ఎండ. ఇన్నాళ్లూ ఈ ప్రాంత రైతును ఏడిపించిన ఆ ఎండే ఇప్పుడు ఆదాయం తెచ్చిపెడుతుందని చెబుతున్నారు. బోరుకు సోలార్ పెట్టుకోండి, బీడు భూమిని లీజుకివ్వండి, మిద్దె మీద ప్యానెళ్లు బిగించుకోండి.. ఇలా రకరకాల మాటలు ఊళ్లలో వినిపిస్తున్నాయి.

వినడానికి బాగానే ఉంది. కానీ ఒక్క ప్రశ్న. ఏపీలో వ్యవసాయానికి కరెంటు ఇప్పటికే ఫ్రీ కదా! మరి బోరుకు సోలార్ పెడితే రైతు జేబులోకి కొత్తగా వచ్చేదేంటి? అసలు లాభం ఎవరికి? రైతుకు మిగలాలంటే ఏం జరగాలి? ఒక్కో లెక్క విప్పి చూద్దాం.

ఈ ప్రాంతం కథే వేరు

ఒకవైపు నల్లమల అడవి. ఇంకోవైపు వెలిగొండ కొండలు. మధ్యలో వాననీ బోరునీ నమ్ముకున్న చేలు. మిర్చి, పత్తి, కంది, పొగాకు, ఆముదం.. బోరులో నీళ్లున్న చోట బత్తాయి, బొప్పాయి, అరటి. కంభం చెరువు లాంటి పాత నీటి వనరులు ఉన్నా, వాటి నీళ్లు అందే పొలాలు కొన్నే. మిగతా వాళ్లకు బోరే దిక్కు. వందల అడుగులు దిగినా చుక్క పడుతుందన్న గ్యారంటీ లేదు. ఒక బోరు ఫెయిలైతే అప్పు చేసి ఇంకోటి వేయడం ఇక్కడ ఇంటింటి కథ.

ఆశలన్నీ వెలిగొండ ప్రాజెక్టు మీదే. 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయంలోని కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కింద రెండు సొరంగాలు, ఒక్కోటి సుమారు 18.8 కిలోమీటర్లు. లక్ష్యం 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు. 2024 మార్చిలో సొరంగాలను ప్రారంభించారు. కానీ ప్రారంభోత్సవం వేరు, పొలానికి నీళ్లు పారడం వేరు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఇప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పనులు చేసుకుంటున్నారు.

2025 చివర్లో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా కూడా వచ్చింది. కలెక్టరేట్ దగ్గరైంది, సరే. మరి ఆదాయం? ఈ ప్రశ్నకు జవాబుగానే ఇప్పుడు సోలార్ పేరు చెబుతున్నారు.

ఫ్రీ కరెంటు ఉండగా సోలార్ ఎందుకు?

2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్ నడుస్తోంది. పగటిపూట 9 గంటల సరఫరా అనేది ప్రభుత్వాలు చెబుతున్న మాట. రైతు బిల్లు కట్టడు కాబట్టి ఆ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. సబ్సిడీగా ఏటా వేల కోట్లు డిస్కంలకు చెల్లించాల్సి వస్తోంది. మార్కాపురం వైపు సరఫరా చేసే ఏపీసీపీడీసీఎల్‌కైనా, రాష్ట్రంలోని మిగతా డిస్కంలకైనా ఇదే భారం.

ఇప్పుడు అసలు పాయింట్. వ్యవసాయ ఫీడర్‌ను సోలార్‌తో నడిపితే చౌక కరెంటు దొరుకుతుంది, సబ్సిడీ భారం తగ్గుతుంది. కానీ తగ్గేది ప్రభుత్వ ఖర్చు. రైతుకు నిన్న బిల్లు సున్నా, రేపూ సున్నానే!

అంటే రైతుకు లాభమే లేదా? ఉంది. పగలే నికరంగా కరెంటు వస్తే రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని మోటార్ దగ్గరికి వెళ్లే బాధ తప్పుతుంది. పాములు, షాకులు లాంటి ప్రమాదాలు తగ్గుతాయి. లోవోల్టేజీతో మోటార్ కాలిపోయే ఖర్చు మిగులుతుంది. ఇవి చిన్న విషయాలు కావు. కానీ ‘ఆదాయం పెరుగుతుంది’ అనే మాటకు ఇవి సరిపోవు.

ఆదాయం రావాలంటే రైతు కరెంటు వాడుకునేవాడిగానే మిగిలిపోకూడదు. అమ్మేవాడు కావాలి. తేడా అంతా ఇక్కడే ఉంది.

కుసుమ్‌లో ఏముంది?

కేంద్రం 2019లో పీఎం కుసుమ్ పథకం తెచ్చింది. అందులో మూడు భాగాలు. సింపుల్‌గా చెప్పాలంటే ఇలా..

మొదటిది, బీడు భూముల్లో చిన్న సోలార్ ప్లాంట్లు. 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు. రైతు ఒక్కడే పెట్టుకోవచ్చు, కొందరు కలిసి పెట్టుకోవచ్చు. సహకార సంఘం, పంచాయతీ, రైతు ఉత్పత్తిదారుల సంస్థ అంటే ఎఫ్‌పీవో కూడా పెట్టొచ్చు. డబ్బు లేకపోతే భూమిని కంపెనీకి లీజుకివ్వొచ్చు. పొలం సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు ఉంటే ప్రాధాన్యం.

రెండోది, కరెంటు లైన్ లేని చోట సోలార్ పంపు. 7.5 హెచ్‌పీ వరకు సాయం అందుతుంది. మామూలుగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే మిగతా 40 శాతం రైతు వాటా. అందులోనూ ఎక్కువ భాగం బ్యాంకు లోనుగా తీసుకునే వీలుంది.

మూడోది, ఇప్పటికే కరెంటు కనెక్షన్ ఉన్న బోర్లను సోలార్‌లోకి మార్చడం. ఒక్కో బోరుకు విడిగా ప్యానెళ్లు పెట్టొచ్చు. లేదంటే ఫీడర్ మొత్తానికి కలిపి ఒకే ప్లాంటు కట్టొచ్చు. ఫీడర్ ప్లాంటుకు కేంద్రం మెగావాట్‌కు గరిష్ఠంగా రూ.1.05 కోట్ల సాయం ఇస్తుంది.

ఈ మూడింటిలో ఎవరికి ఏది పనికొస్తుంది?

కరెంటు లైన్ లేక డీజిల్ ఇంజిన్ మీద బతికే రైతుకు రెండోది బంగారం. డీజిల్ ఖర్చు మొత్తం మిగులుతుంది. నల్లమల అంచున దోర్నాల, యర్రగొండపాలెం వైపు లైన్ లాగడం కష్టమైన చేలకు ఇదే దారి. పక్క రాష్ట్రంలో ఇది మొదలైంది కూడా. 2025 మేలో తెలంగాణ ప్రభుత్వం నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ‘ఇందిర సౌర గిరి జల వికాసం’ ప్రారంభించింది. రూ.12,600 కోట్లతో 2.10 లక్షల మంది గిరిజన రైతుల పోడు భూములకు సోలార్ పంపులు ఇవ్వడం దాని లక్ష్యం. అదీ నల్లమలే, ఇదీ నల్లమలే. మధ్యలో కృష్ణా నది ఒక్కటే అడ్డం!

కానీ ఒక హెచ్చరిక. బోరు ఎంత లోతైతే సోలార్ పంపు అంత తక్కువ నీళ్లు తోడుతుంది. 7.5 హెచ్‌పీ పరిమితి కృష్ణా డెల్టాలో ఎక్కువ కావచ్చు, ఇక్కడ మాత్రం చాలకపోవచ్చు. దరఖాస్తు పెట్టే ముందు బోరు లోతు, నీటి మట్టం లెక్క చూపించి మాట్లాడుకోవాలి.

మిగిలిన కరెంటు అమ్మితే ఎంత?

ఇక లైన్ ఉన్న రైతు సంగతి. తర్లుపాడు మండలంలో ఐదెకరాల రైతు ఒకరు ఉన్నారనుకుందాం. 5 హెచ్‌పీ మోటార్. దానికి సుమారు 5 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టారు. మన ఎండకు కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్ల చొప్పున 20 యూనిట్లు వస్తాయి. ఏడాదిలో మోటార్ ఆడని రోజులు 200 అనుకుంటే 4,000 యూనిట్లు మిగులుతాయి. వాటిని గ్రిడ్‌కు పంపితే?

రేటు యూనిట్‌కు రూ.1.50 అయితే ఏడాదికి రూ.6,000.
రూ.3 అయితే రూ.12,000.
రూ.4.63 అయితే రూ.18,500 పైచిలుకు.

ఈ రేట్లలో మొదటిదీ చివరిదీ గాల్లోంచి తెచ్చినవి కావు. విజయనగరం జిల్లా భోగాపురం మండలం సవరవిల్లి ఫీడర్‌లో కొన్నేళ్ల కిందట ఇలాంటి గ్రిడ్ సోలార్ పంపులు పెట్టారు. అక్కడ రైతుకు ఇస్తామన్న రేటు యూనిట్‌కు రూ.1.50. గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండి గ్రామంలో 2016లో ఆరుగురు రైతులు సహకార సంఘం పెట్టుకుని డిస్కంతో ఒప్పందం చేసుకున్నారు. అక్కడ రేటు రూ.4.63. దానికి తోడు ఒక పరిశోధన సంస్థ అదనంగా బోనస్ కూడా ఇచ్చింది.

అదే సూర్యుడు, అవే ప్యానెళ్లు. ఆదాయంలో మాత్రం మూడు రెట్ల తేడా. తేడా తెచ్చింది టెక్నాలజీ కాదు.. రేటు! అందుకే సోలార్ పథకం గురించి ఎవరైనా చెబితే రైతు అడగాల్సిన మొదటి మాట ‘సబ్సిడీ ఎంత?’ కాదు. ‘యూనిట్‌కు ఎంతిస్తారు?’

అసలు మెలిక.. బోరు ఎండిపోతే?

ఇక్కడే పశ్చిమ ప్రకాశానికి ఒక పెద్ద రిస్క్ ఉంది. సోలార్ పంపుకు కరెంటు బిల్లు లేదు, టైమింగ్స్ లేవు. ఎండ ఉన్నంతసేపూ ఆడించుకోవచ్చు. అసలే అడుగంటిన భూగర్భ జలం మరింత కిందికి పోతే? నా బోరు ఆడిస్తే పక్కోడి బోరు ఎండిపోతుంది. చివరికి ప్యానెళ్లు మెరుస్తూనే ఉంటాయి, గొట్టంలో నీళ్లు మాత్రం రావు.

దీనికి మందు మళ్లీ రేటు దగ్గరే ఉంది. యూనిట్‌కు రూ.1.50 ఇస్తే రైతు ఏమనుకుంటాడు? ఈ ఆరు వేలకోసం ఎందుకు.. నీళ్లు తోడి పక్క చేనుకు అమ్ముకున్నా ఎక్కువొస్తుంది అనుకుంటాడు. అదే నాలుగైదు రూపాయలు ఇస్తే? అవసరమైనంత తడి పెట్టి మోటార్ ఆపేస్తాడు. ఎందుకంటే బోరు ఆపిన ప్రతి గంటకూ డబ్బు పడుతుంది! ఢుండి ప్రయోగం వెనకున్న ఆలోచన కూడా ఇదే. నీళ్లు ఆదా చేయండని చెబితే వినని వాళ్లు కూడా కరెంటు అమ్మితే డబ్బొస్తుందంటే లెక్క వేసుకుంటారు.

నీటి కరవు ఉన్న చోట సోలార్‌తో వచ్చే నిజమైన ఆదాయం తోడిన నీళ్లలో లేదు.. తోడకుండా ఆపిన నీళ్లలో ఉంది. పశ్చిమ ప్రకాశం కోసం పథకం రాసేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. దానికి డ్రిప్ కూడా తోడైతే తక్కువ నీళ్లతో పంట, మిగిలిన కరెంటుతో నగదు.

భూమి లీజుకిస్తే లాభమా? నష్టమా?

ఇక అందరూ మాట్లాడుకునే లీజు వ్యవహారం. 2020లో 6,400 మెగావాట్ల సోలార్ టెండర్లు పిలిచినప్పుడు ప్రకాశం జిల్లా నుంచి సీఎస్ పురం, రుద్రసముద్రం పేర్లు కూడా వినిపించాయి. ఆ టెండర్లు హైకోర్టు దాకా వెళ్లి ఆగిపోయాయి. కానీ ఇక్కడి బీడు భూముల మీద సోలార్ కంపెనీల చూపు ఉందని మాత్రం అప్పుడే తేలిపోయింది.

మన సరిహద్దు దాటితే కర్ణాటకలో పావగడ. తెలుగు బాగా వినిపించే తాలూకా. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. భూములు కొనలేదు, లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి రూ.21,000, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. కరవుతో పంటే లేని రైతుకు అది గ్యారంటీ ఆదాయం. కానీ నాణేనికి రెండో వైపు కూడా ఉంది. సెంటు భూమి లేని కూలీకి లీజు రాదు, చేనులో పనీ పోయింది. గొర్రెలు మేపుకునే వాళ్లకు మేత పోయింది.

మహారాష్ట్రలో లెక్క ఇంకోలా ఉంది. వ్యవసాయ ఫీడర్ల కోసం కట్టే సోలార్ ప్లాంట్లకు హెక్టారుకు ఏడాదికి రూ.1.25 లక్షలు ఇస్తున్నారు. అంటే ఎకరాకు దాదాపు రూ.50,000. ఏటా 3 శాతం పెంపు. దీనికి తోడు ప్లాంటు ఉన్న గ్రామ పంచాయతీకి మూడేళ్లపాటు ఏటా రూ.5 లక్షలు. అంటే భూమి లేని వాళ్లున్న ఊరికి కూడా కొంత వాటా అన్నమాట!

ఇప్పుడు ఇంకో కోణంలో చూద్దాం. ఒక మెగావాట్ ప్లాంటుకు 4 నుంచి 5 ఎకరాలు కావాలి. ఏడాదికి సుమారు 16 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్ రూ.3 చొప్పున చూసినా రూ.48 లక్షలు. అందులో భూమి ఇచ్చిన రైతుకు పావగడ రేటుతో అయితే లక్ష, మహారాష్ట్ర రేటుతో అయితే రెండున్నర లక్షలు.

మరి ప్లాంటు రైతులదే అయితే? సుమారు రూ.4 కోట్ల ఖర్చు అనుకుందాం. ఫీడర్ ప్లాంటుకు కేంద్ర సాయం రూ.1.05 కోట్లు పోగా మిగిలేది సుమారు రూ.3 కోట్లు. రూ.2 కోట్లు బ్యాంకు లోను తీసుకుంటే, 10 శాతం వడ్డీతో పదేళ్లకు ఏటా రూ.32 లక్షల పైనే కిస్తీ. నిర్వహణకు ఇంకో ఐదు లక్షలు. చేతిలో మిగిలేది సుమారు రూ.10 లక్షలు. సొంతంగా పెట్టాల్సింది రూ.కోటి.

ఐదెకరాల రైతు కోటి రూపాయలు ఎక్కడి నుంచి తెస్తాడు? తేలేడు. కానీ వంద మంది తలా లక్ష పెడితే? పదేళ్లు ఒక్కొక్కరికి ఏటా పది వేలు. లోను తీరాక ఏటా నలభై వేల దాకా. ఇది రఫ్ లెక్కే. బ్యాంకు వడ్డీ, టెండర్ రేటు, ఎండ దినాలను బట్టి మారుతుంది. అయినా కౌలు తీసుకునేవాడికీ యజమానికీ ఉన్న తేడా ఎంతో ఇందులో తెలిసిపోతుంది.

వంద మందిని కూర్చోబెట్టడం కష్టమంటారా? పొదుపు సంఘాలు పెట్టి బ్యాంకు లోన్లు తెచ్చుకుని, కిస్తీలు తప్పకుండా కట్టిన ఆడవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కావాల్సింది బ్యాంకు గ్యారంటీ, డిస్కంతో టైముకు డబ్బులొచ్చే ఒప్పందం. ఈ రెండూ ప్రభుత్వం చేతిలో పనులే.

కల్లం దగ్గర కూడా సోలార్

మిర్చి కోశాక కల్లంలో ఆరబోస్తారు. అకాల వర్షం పడితే కాయ రంగు మారుతుంది, బూజు పడుతుంది. గుంటూరు యార్డుకు తీసుకెళ్తే తాలు అని రేటు తగ్గిస్తారు. సోలార్ డ్రైయర్ ఉంటే ఈ నష్టం కొంత తప్పుతుంది. రేటు పడిపోయినప్పుడు బొప్పాయి, టమాటా ఎండబెట్టి అమ్ముకునే వీలుంటుంది. పిండిమర, నూనె గానుగ లాంటివి కూడా సోలార్‌తో నడుస్తాయి. సంఘంగా పెట్టుకుంటే ఊళ్లోనే నాలుగు పనులు పుడతాయి.

అలాగని డ్రైయర్ సర్వరోగ నివారిణి కాదు. 2025 ఆరంభంలో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం క్వింటాకు రూ.11,781 చొప్పున మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది కాయ ఎంత బాగా ఆరినా రైతు మునుగుతాడు. డ్రైయర్ కాపాడేది నాణ్యతను, మార్కెట్‌ను కాదు.

ఇక మిద్దె మీద సోలార్. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78,000 సబ్సిడీ. ఏపీలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితం, బీసీలకు రాష్ట్రం అదనపు సాయం. బిల్లు కట్టే ఇంటికి ఇది నేరుగా ఆదా. ఇప్పటికే ఫ్రీ యూనిట్లు వస్తున్న ఇంటికి మాత్రం మళ్లీ బోరు లెక్కే.. మిగిలిన యూనిట్ల డబ్బు ఎవరికి వెళ్తుందో ముందే తేల్చుకోవాలి.

సంతకం పెట్టే ముందు ఈ 5 అడగండి

1. యూనిట్ రేటు లేదా లీజు ఎంత? ఎన్నేళ్లకు ఎంత శాతం పెరుగుతుంది? కాగితం మీద ఉందా?

2. డబ్బు ఎవరు ఇస్తారు? నెలకా, ఏడాదికా? ఆలస్యమైతే వడ్డీ ఇస్తారా?

3. భూమి పట్టా ఎవరి పేరున ఉంది? డీకేటీ భూమి, ఉమ్మడి ఆస్తి, కౌలు రైతు ఉన్న భూమి అయితే ముందే తేల్చుకోండి. లీజు గడువు తీరాక ప్యానెళ్లు, పునాదులు తీసేసి భూమి చదును చేసి ఇవ్వాలన్న షరతు ఉందా?

4. రిపేర్ ఎవరిది? ప్యానెల్ పగిలినా, కేబుల్ దొంగలు పడ్డా, అడవి పక్క ఊళ్లలో కోతులు పాడు చేసినా ఎవరు బాగు చేస్తారు? ఇన్సూరెన్స్ ఉందా?

5. ప్యానెళ్లు కడగడానికి నీళ్లు ఎక్కడివి? దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. తాగునీటికే ట్యాంకర్లు తిరిగే ఊళ్లో ఇది చిన్న ప్రశ్న కాదు.

ఫైనల్‌గా..

కుసుమ్ తొలి దశ గడువును 2026 మార్చి వరకు పెట్టారు. పథకాలు వస్తుంటాయి, పేర్లు మారుతుంటాయి. కానీ ఫీడర్ ప్లాంట్ల ఒప్పందాలు పాతికేళ్లవి. ఇప్పుడు రాసుకునే రేటే మన పిల్లల కాలం దాకా నడుస్తుంది.

వెలిగొండ నీళ్ల కోసం ఈ ప్రాంతం దాదాపు మూడు దశాబ్దాలు ఎదురుచూసింది. ఎండ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, అది ఇప్పటికే నెత్తి మీద ఉంది. ఆ ఎండతో కరెంటు పుడుతుందా అన్నది ఇప్పుడు ప్రశ్నే కాదు, పుడుతుంది. అమ్మిన బిల్లు మీద ఎవరి పేరు ఉంటుంది? కంపెనీదా.. డిస్కందా.. లేక మార్కాపురం రైతుదా? తేలాల్సింది ఇదొక్కటే.